ఒకటే అని తేలిన తర్వాత

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ముందుగా అడిగేది యంత్రాల గురించే. ఏ యంత్రం మంచిది, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, జన్యుక్రమం చదవడం ఎక్కడ నేర్పుతారు అని. నాకు తెలిసినంత చెబుతాను. ఫోను పెట్టేశాక అసలు చెప్పవలసింది చెప్పలేదేమో అనిపిస్తుంది. అది ఫోనులో చెప్పగలిగేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

సూరత్‌లో ఒక పెద్దాసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో నా ఉద్యోగమంతా గడిచింది. ఆసుపత్రి పేరు రాయను. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చి ఖటోదరాలో మరమగ్గాలు నడిపాడు. నేను ఇక్కడే గుజరాతీ బడిలో చదివాను. ఇప్పుడు అడాజన్‌లో ఒక ఫ్లాటులో ఉంటున్నాను. మైక్రోస్కోపు మీద వంగి వంగి మెడ పట్టేసింది, మోకాళ్లు సహకరించడం లేదు. పదవీ విరమణ సభలో శాలువా కప్పినప్పుడు సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది, అంతే.

పుట్టిన కొద్దిరోజులకే మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్, వచ్చిన పసిబిడ్డల వెన్నులోంచి తీసిన నీరు మా దగ్గరికి వచ్చేది. అందులో ఏ బాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యమైన పని అదే. ఇద్దరు ముగ్గురు బిడ్డలకు ఒకే జాతి బాక్టీరియా కనిపిస్తే ఇంకో పని మొదలవుతుంది. అవన్నీ ఒకే చోటు నుంచి వచ్చాయా, ఎవరిది వాళ్లకు విడిగా వచ్చిందా అని తేల్చాలి. ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా ఒకే ఇంట్లో ఉండరు కదా. అందుకని బాక్టీరియా డీఎన్‌ఏ తీసి, అందులోని కొన్ని ముక్కలను యంత్రంలో లక్షల రెట్లు పెంచి, జెల్ మీద కరెంటు పెట్టి పరుగెత్తించేవాళ్లం. ముక్కలు పొడవును బట్టి గీతలు గీతలుగా విడిపోతాయి. రెండు నమూనాల గీతలు ఒకేలా ఉంటే అవి ఒకే మూలానికి చెందినవి అనుకునేవాళ్లం. ఇప్పుడు గీతల దాకా పోనక్కర్లేదు, జన్యుక్రమం మొత్తం చదివేస్తున్నారు. అయినా నేను చెప్పబోయే సంగతికి ఆ తేడా అడ్డు రాదు.

జరీవాలా సార్

నన్ను ఈ పనిలో పెట్టింది మా విభాగం పెద్ద, జరీవాలా సార్. అసలు సిసలు సూరతీ మనిషి. నోరు మంచిది కాదు. ఆయన మాటలు పడలేక ఇద్దరు మంచి టెక్నీషియన్లు ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు, అది విభాగానికి నిజంగా నష్టమే. ఆయన చనిపోయాక అందరూ ఆయన్ను దేవుణ్ని చేశారు. నేను చేయను. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు, పక్కవాడి కష్టం కళ్లకు ఆనదు.

కానీ ఏ ఫలితం పట్టుకెళ్లినా ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేది. "ఈ నమూనా ఎవరు తీశారు? దేంట్లోంచి తీశారు?"

"సీసా మీద రాసి ఉంది సార్" అంటే గుజరాతీలో గట్టిగా విసుక్కునేవారు. "రాసినవాణ్ని అడిగావా? అడగకుండా నీకేం తెలుసు?"

ఆ ప్రశ్నకు మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్లం. సీసా మూత తీసినప్పుడు వచ్చిన గాలి కూడా ఎవరిదో చెప్పాలేమో అని ఒకరినొకరం వెక్కిరించుకునేవాళ్లం.

వార్డులో పాలు

ఒక ఏడు వానాకాలంలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వార్డు నుంచి ఒక వెన్నునీటి నమూనా వచ్చింది. బాక్టీరియాను పెంచే గాజు పళ్లెంలో లేత పసుపు రంగులో ఏదో పెరిగింది. అలాంటివి ఎక్కువగా నీళ్లలో, మట్టిలో ఉండేవి కాబట్టి బయటి నుంచి పడిందనుకుని పక్కన పెట్టారు. అప్పట్లో ఎక్కడైనా అలాగే చేసేవాళ్లు. ఆ మగబిడ్డ చనిపోయాడు. తర్వాత ఇంకో బిడ్డ నమూనాలో అదే పెరిగింది. ఈసారి దాన్ని వదల్లేదు. పేరు తేల్చాం: ఎలిజబెత్‌కింగియా. డాక్టర్లు పెద్ద మందులు అనుకునేవి చాలావరకు దాని మీద పనిచేయవు. వెంటనే వార్డుకు ఫోను చేసి చెప్పాం, మందు మార్చారు. ఆ బిడ్డ బతికింది. కానీ తలలో నీరు చేరి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆ పైన మూడో బిడ్డకు జ్వరం వచ్చింది, ఆ వెన్నునీటిలోనూ అదే పెరిగింది. ఆ పాప తల్లి లావణ్య.

లావణ్య వాళ్లది జగిత్యాల దగ్గరి ఊరు. భర్త శ్రీను పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో పని చేసేవాడు. మిల్లు వెనక ఒంటి గదిలో భార్యాభర్తలు, అత్త రాజవ్వ ఉండేవాళ్లు. పాప బాగా ముందుగా పుట్టడంతో అందరికంటే ఎక్కువ కాలం ఆ వార్డులో అద్దాల పెట్టెలోనే ఉంది. లావణ్యకు పాలు బాగా పడేవి. పక్క పెట్టెల్లోని బిడ్డల తల్లులకు పాలు రాకపోతే ఈమె పాలు వాళ్లకూ పట్టేవారు. ఆమే ఇష్టపడి ఇచ్చింది. అలా జబ్బుపడిన ముగ్గురు బిడ్డలూ ఆమె పాలు తాగినవాళ్లే.

వార్డు చూసే పిల్లల డాక్టరు నాయక్ మేడమ్‌కు అనుమానం వచ్చింది. పాలు పట్టే చిన్న గిన్నెను అక్కడ వాట్కీ అంటారు. వాట్కీలోని పాలు మాకు పంపించారు. అందులో అదే బాక్టీరియా పెరిగింది. మేడమ్ లావణ్య పాలు ఆపేశారు. ఆ మాట ఎలా పాకిందో గాని చనిపోయిన బిడ్డ తండ్రి చెవిన కూడా పడింది. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చి మగ్గం మీద పని చేసుకునే మనిషి. కాగితాల కోసం వచ్చినవాడు వరండాలో లావణ్యను పట్టుకుని, "నీ పాలే నా కొడుకును తిన్నాయి" అని హిందీలో అరిచాడు. సెక్యూరిటీ వాళ్లు వచ్చి పక్కకు తీసుకెళ్లారు.

ఆమెకు హిందీ సరిగా రాదు. ఆ అరుపులో సగమే అర్థమైంది. అందుకని తెలుగు వచ్చినదాన్నని నన్ను పైకి పిలిచారు.

లావణ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రవికె ముందంతా పాలతో తడిసి ఉంది.

"మేడమ్, మీరు తెలుగోళ్లా?"

"అవునమ్మా. మాది సిరిసిల్ల దిక్కు."

"గా డాక్టరమ్మ ఏమంటున్నదో నాకు సమజైతలేదు. దూద్ బంద్, దూద్ బంద్ అంటున్నది. నేనేం జేసిన?"

"నీ పాలల్ల ఒక పురుగు దొరికిందమ్మా. కంటికి కనవడనిది. పక్కాగా తెలిసేదాంక ఆపుదామంటున్నరు."

"మరి గా పోరడు సచ్చిపోయిండు గదా. ఆనికి గూడ నా పాలే వోసిండ్రు."

పక్కన కూర్చున్న రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను జెప్పలేదా? మందికి పాలియ్యకే, దిష్టి తగుల్తదని జెప్పిన. ఇన్నదా?"

నేను లావణ్య వైపు తిరిగాను. ఏదో ఒకటి అడగాలి కాబట్టి జరీవాలా సార్ ప్రశ్నే నోటికి వచ్చింది.

"పాలు దేంట్ల పిండుతవు? ఎట్ల పిండుతవు? జర మొదటికెల్లి చెప్పు."

"స్టీలు గిన్నెల. ఉడుకుడుకు నీళ్లతోని కడుగుత. చేతులు సబ్బు పెట్టి కడుక్కుంట. పిండి సిస్టరుకిస్త. ఆమె వాట్కీల వోసి తీస్కవోతది."

"వాట్కీ యాడ కడుగుతరు?"

"గాడనే. గా నల్ల కింద."

అద్దం అవతల, పాలు కలిపే గట్టు పక్కనే వాష్‌బేసిన్ ఉంది. ఒక నర్సు చేతులు కడుక్కుంటోంది. ఆమె వెళ్లాక ఇంకో నర్సు అదే నల్లా కింద వాట్కీలను తొలిచి గట్టు మీద బోర్లించింది.

జెల్

కిందికి వచ్చేసరికి జెల్ సిద్ధంగా ఉంది. ముగ్గురు బిడ్డలవి, వాట్కీలో పాలవి, పోలిక కోసం వేరే రోగిది ఒకటి, అన్నీ పక్కపక్కనే. అతినీలలోహిత దీపం మీద పెట్టి చూశాం. ముగ్గురు బిడ్డల గీతలు, పాల గీతలు ఒకేలా ఉన్నాయి. పోలిక కోసం పెట్టింది మాత్రం వేరుగా ఉంది. అంత శుభ్రమైన జెల్ మా విభాగంలో అరుదుగా వచ్చేది. ఇంకో రోజైతే సంబరపడేవాళ్లం.

నాయక్ మేడమ్ మెట్లు దిగి వచ్చారు. అప్పటికి ఎన్ని రోజులుగా సరిగా నిద్రపోలేదో ముఖం చూస్తేనే తెలుస్తోంది. "అయితే ఖాయమేగా? పాలే" అన్నారు.

"ఏం ఖాయం?" అన్నారు జరీవాలా సార్. "ఒకటే అని ఉంది. ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో ఇందులో ఉందా?"

"ముగ్గురూ ఆవిడ పాలే తాగారు సార్. ఇంకేం కావాలి?"

సార్ నా వైపు తిరిగారు. "పాలు దేంట్లోంచి తీశారు?"

"వాట్కీలోంచి సార్. తల్లి దగ్గర నేరుగా తీయలేదు. వాట్కీని వార్డు నల్లా కింద కడుగుతున్నారు. ఇప్పుడే చూసి వచ్చాను."

ఆయన మెచ్చుకోలేదు. "మరి ఇక్కడెందుకు నిలబడ్డావు?" అన్నారు.

మీరు ఈ పనిలోకి వస్తున్నవాళ్లు కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చదవండి. రెండు నమూనాలు ఒకటే అని తేలినప్పుడు గదిలో ఉన్నవాళ్లందరి మనసుల్లో అప్పటికే ఒక కథ తయారై ఉంటుంది. మీ ఫలితం ఆ కథకు సంతకంలా కనిపిస్తుంది. మీ జెల్ గాని, మీ జన్యుక్రమం గాని ఆ కథ చెప్పదు. బిడ్డలోదీ పాలలోదీ ఒకటే అని మాత్రమే చెబుతుంది. రెండింటికీ మూడో చోటు నుంచి వచ్చిందేమో అడగడం మీ పని. అలసిపోయిన డాక్టరును తప్పుపట్టడం నాకిష్టం లేదు. ఆవిడ చేతిలో చనిపోతున్న బిడ్డలున్నారు. మన చేతిలో పళ్లేలున్నాయి. కాబట్టి అడగవలసింది మనమే.

నల్లా

సార్, నేను కలిసి వార్డుకు వెళ్లాం. కాటన్ పుల్లలతో నల్లాల మూతుల లోపల తుడిచాం. ప్లంబర్‌ను పిలిపించి పాల గట్టు పక్కనున్న నల్లా మూతికి ఉండే జాలీ విప్పించాం. జాలీ లోపలి వైపు వేలికి అంటుకునేంత జిగట ఉంది. సూపరింటెండెంట్ గారు మెట్ల దగ్గర ఎదురై, నీటి పరీక్షలు నెలనెలా చేయిస్తూనే ఉన్నామని, అన్నీ బాగున్నాయని అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ పరీక్షలు మురుగు కలిసిందా అని చూసేవి. జాలీలో పేరుకున్న దానితో వాటికి పనిలేదు.

లావణ్య దగ్గర పాలు మేమే దగ్గరుండి, మరిగించిన సీసాలోకి నేరుగా తీయించాం. సీసా నా చేతికిస్తూ ఆమె అడిగింది.

"దీంట్ల గూడ వస్తదా మేడమ్?"

"నాకు తెల్వదమ్మా. చూసినంకనే చెప్త."

ఆమె పాలలో ఏమీ పెరగలేదు. నల్లా జాలీలోంచి తీసింది మాత్రం పళ్లెం నిండా పెరిగింది. దాని గీతలు ముగ్గురు బిడ్డల గీతలతో సరిగ్గా సరిపోయాయి. వార్డులో దూరంగా ఉన్న ఇంకో నల్లాలో కూడా ఆ జాతి ఉంది గాని, దాని గీతలు వేరు. అంటే ఆ బిడ్డలకు చేరింది పాల గట్టు పక్క నల్లాలోనిదే. ఆ నీళ్లతో తొలిచిన వాట్కీలో లావణ్య పాలు పోశారు. పాలు దాన్ని పెంచి పోషించాయి.

సమావేశంలో సూపరింటెండెంట్ గారు రిపోర్టులో "పరిసరాల్లోని మూలం" అని రాయమన్నారు. జరీవాలా సార్ బల్ల మీద చెయ్యి వేసి, "నల్లా అని రాస్తాను. పరిసరాలు అంటే రేపు మళ్లీ ఆ పాప తల్లి ఉండే గదినే అనుకుంటారు" అన్నారు. నల్లా అనే రాశారు. దాన్ని మార్చారు. వాట్కీలను మరిగించి ఆరబెట్టే ఏర్పాటు చేశారు. ఆ వార్డులో ఆ జబ్బు ఆగింది.

ఆ తర్వాత

నాయక్ మేడమ్ తానే లావణ్య దగ్గరికి వచ్చారు. నన్ను తెలుగులో చెప్పమన్నారు. "నేను ఆపగలిగింది అదొక్కటే. అందుకే ఆపాను. తప్పు నీ పాలది కాదు, మా ఆసుపత్రిది. ఇక నుంచి పాపకు నీ పాలే పట్టిద్దాం."

నేను చెప్పాను. లావణ్య తల వంచుకుని విన్నది.

"ఇప్పుడు పాలు పడ్తలేవు మేడమ్" అంది. "దిగులుకు ఎండిపోయినయి."

పాప బతికింది. ఇంటికి వెళ్లింది. తర్వాత పరీక్షల్లో రెండు చెవులూ సరిగా వినిపించవని తేలింది. మెదడు పొరల వాపు తగ్గినా వెనక మిగిల్చిపోయేది అదే, చాలామంది బిడ్డలకు. పేరు హర్షిత అని పెట్టుకున్నారు.

చనిపోయిన బిడ్డ తండ్రికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాలని నాయక్ మేడమ్ అన్నారు, నేనూ అన్నాను. అప్పటికే ఆయన ఊరికి వెళ్లిపోయాడు. రాసిచ్చిన నంబరుకు ఫోను కలవలేదు. మగ్గాల దగ్గర వాకబు చేయిస్తే పని మానేశాడన్నారు. బహుశా ఈనాటికీ ఒక తెలుగామె పాలు తాగి తన కొడుకు పోయాడనే ఆయన అనుకుంటూ ఉంటాడు. మేం ఎంత శుభ్రంగా జెల్ తీసినా ఆ మనిషి దాకా అది చేరలేదు. నన్ను బాగా అలసిపోయేలా చేసింది పని కాదు, ఇలా చేరకుండా ఆగిపోయిన జవాబులే.

ఇక్కడితో అంతా బాగుపడిందని రాయాలని ఉంది. కానీ కొన్నాళ్లకు అదే జాతి పక్క వార్డులో కనబడింది. మార్చింది ఆ ఒక్క నల్లానే, గోడలో గొట్టాలు పాతవే. అప్పటి నుంచి వారం వారం నల్లాలు తుడిచి చూసే పని పెట్టుకున్నాం. సూపరింటెండెంట్ మారినప్పుడల్లా ఇదెందుకని అడిగేవారు, మళ్లీ మొదటి నుంచి చెప్పేదాన్ని. జరీవాలా సార్ వెళ్లిపోయాక చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను. చెప్పి చెప్పి గొంతు అరిగింది. మీరు కూడా చెప్పవలసి వస్తుంది. కొత్త యంత్రం వచ్చిందని ఆ పని తప్పదు.

ఉద్యోగంలో నా చివరి ఏడాదిలో లావణ్య ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చింది. మళ్లీ కడుపుతో ఉంది. చెవులకు మిషన్లు పెట్టుకున్న హర్షిత ఆమె కొంగు పట్టుకుని నా తెల్లకోటు వైపు చూస్తోంది.

"అక్కా, ఈసారి కాన్పు యాడ జేసుకోవాలె? మా అత్త ఊరికి పోదామంటది. మా ఆయన ఈడనే అంటుండు."

"నెలలు నిండితే యాడనైనా ఏం గాదు. పోయినసారి లెక్క ముందుగాల్నే అయితే మాత్రం అద్దాల పెట్టెలున్న దవాఖాన గావాలె. ఊళ్లె గవి ఉండవు."

"గా నల్లలు ఇప్పుడు మంచిగున్నయా?"

మంచిగున్నాయని చెబితే అయిపోయేది. నోరు రాలేదు.

"పోయిన వారం చూసినప్పుడు మంచిగున్నయి. ఈ వారంది ఇంక చూడలే."

"గట్లనే చెప్పు అక్కా. నాకు గదే కావాలె. ఊళ్లె అయితే అడిగితె చెప్పేటోళ్లు గూడ లేరు" అంది.

బిడ్డ ఈసారీ కాస్త ముందే పుట్టింది, కాని మొదటిసారంత ముందు కాదు. ఆడపిల్లే. కొద్దిరోజులు అదే వార్డులో ఉంచారు. నేను మెట్లు ఎక్కలేక లిఫ్టు కోసం నిలబడి పైకి వెళ్లేసరికి లావణ్య స్టీలు గిన్నెతో గట్టు దగ్గర ఉంది. కొత్తగా చేరిన నర్సు చెయ్యి చాచింది. లావణ్య గిన్నె ఇవ్వలేదు.

"సిస్టర్, ఏ వాట్కీ ఉబాలా హై క్యా?" అని అడిగింది. ఈ వాట్కీని మరిగించావా అని. ఆ హిందీ ఆమె ఎప్పుడు నేర్చుకుందో.

నర్సుకు కోపం వచ్చింది. పొద్దున్నే అన్నీ మరిగించామని, ప్రతి తల్లీ ఇలా అడిగితే పని ఎలా అవుతుందని విసుక్కుంది. లావణ్య గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. చివరికి నర్సు వాట్కీ తీసుకుని మరిగే నీళ్లలో వేసింది. అది మరిగి, తీసి, చల్లారేదాకా లావణ్య అక్కడి నుంచి కదల్లేదు. ఆ తర్వాత పాలు తానే పోసింది.

బిడ్డ కళ్లు మూసుకునే తాగింది, చివరి చుక్క దాకా.